నీళ్ళలో పదకొండు ఇళ్ళు

పటంలో తప్పుంటే దిద్దండి అని మీకు ట్రైనింగులో చెబుతారు. ఎలా దిద్దాలో కూడా చెబుతారు. ఏ మీట నొక్కాలో, ఏ రంగు ఎంచుకోవాలో, ఫోటో ఏ వైపు నుంచి తీయాలో అన్నీ చెబుతారు. దిద్దిన తరవాత ఆ పటం ఎవరెవరి కంటబడుతుందో మాత్రం చెప్పరు. నాకూ చెప్పలేదు. అప్పటికి చెప్పేవాళ్ళకే తెలియదు గనక నాకు ఆ సాకైనా ఉంది. రేపు చేతిలో ఫోను పట్టుకుని జనాభా లెక్కలకు బయల్దేరబోయే మీకు ఆ సాకు ఉండకూడదనే ఇది రాస్తున్నాను.

మా నాన్న బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో అందరికీ దస్తూరి ముత్యాల్లా ఉండేది. నాకు దస్తూరితో పాటు గీత కూడా కుదిరింది. అందుకే సర్వే ఆఫీసులో ట్రేసరు ఉద్యోగం వచ్చింది. ట్రేసరంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనబడే గీతల్ని సిరాతో దిద్దే మనిషి. ఇల్లు చెదిరినా ఊరు చెదిరినా గీత చెదరకూడదు. అదే మా చదువు.

జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా నన్ను తాలూకా ఆఫీసుకు పంపేవారు. అప్పట్లో పటాలన్నీ చేతితో గీసినవే. వీధి వెంట నడుస్తూ అడుగులు లెక్కబెట్టుకుని, గట్టి ఇల్లయితే చదరం, పూరిల్లయితే త్రికోణం వేసేదాన్ని. తలుపులు, మెట్లు, బోరింగులు, ఏ ఇంటి కుక్క కరుస్తుందో సహా నాకు తెలిసేది. పని అయ్యాక ఆ పటాల్ని మూటగట్టి రికార్డు గదిలో పడేసేవారు. ఆ తరవాత వాటిని చెదలు తప్ప ఇంకెవరూ చూసిన పాపాన పోలేదు. అందుకు అప్పట్లో నాకు బాధగా ఉండేది. ఎంత తెలివితక్కువ బాధో తరవాత తెలిసొచ్చింది.

గనులు మూసేశాక చాలా ఏళ్ళకు, నా రిటైర్మెంటుకు ఏడాదో ఏడాదిన్నరో ఉందనగా, ఇకమీదట చేతిపటాలు వద్దన్నారు. ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద కంప్యూటరే హద్దులు గీసి, బ్లాకులు విడగొట్టి, ఇళ్ళు గుర్తుపట్టి పంపుతుందట. మేము ఫోను పట్టుకుని ఊళ్ళకు వెళ్ళి, ఉన్నవి ఉన్నచోట ఉన్నాయో లేదో చూసి 'సరే' అని నొక్కడమే. ఆ తరవాత టీచర్లు ఆ బ్లాకుల్లో ఇంటింటికీ వెళ్ళి మనుషుల్ని లెక్కబెడతారు.

వినడానికి బాగుంది. మొదటి వారమే నాకు తల తిరిగిపోయింది.

కేజీఎఫ్‌లో కార్మికుల ఇళ్ళ వరసలు, మేము లైన్లనేవి, మీరు చూసే ఉంటారు. పొడుగాటి ఒకే రేకుల కప్పు, కింద గోడలు అడ్డంపెట్టి పదీ పన్నెండు సంసారాలు. పైనుంచి చూసిన కంప్యూటరు దాన్ని ఒక్క ఇల్లు అనుకుంది. అలా వరసకు వరసే ఒక్కో ఇల్లయిపోయి, వేలమంది కాపురమున్న పేట మొత్తం ఒక టీచరు పొద్దున కాఫీ తాగి మధ్యాహ్నం భోజనానికల్లా లెక్కబెట్టేసి వచ్చేంత చిన్నదైపోయింది. బంగారం తీయగా మిగిలిన సైనైడు మట్టిదిబ్బ నీడను చూసి కాలువ అనుకుంది. కూలిపోయిన క్లబ్బు గోడల్ని చూసి బడి అనుకుంది. ఒక్కొక్కటే దిద్దించడానికి బెంగుళూరులో పటాల విభాగం ఆఫీసరుకు ఫోన్లు చేసేదాన్ని. ఆయన చాలా మర్యాదస్తుడు. అదే నాకు మరీ చిర్రెత్తించేది.

"మేడమ్, సిస్టంలో ఒక్క కప్పే కనబడుతోంది."

"సార్, కప్పు కింద పన్నెండు పొయ్యిలున్నాయి."

"పొయ్యిలు సిస్టంకు కనబడవు మేడమ్."

చివరికి పన్నెండు తలుపులకూ పన్నెండు ఫోటోలు తీసి పంపాను. దిద్దారు. అప్పటినుంచి మా ఆఫీసులో నా పేరు 'గొడవ మేడమ్' అయింది. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు గానీ, నాకు తెలుసు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు నచ్చింది కూడా. ఇంత పెద్ద యంత్రాన్ని ఒక ట్రేసరమ్మ తప్పుబట్టి ఒప్పించింది అంటే మాటలా అనుకున్నాను. గుర్తుపెట్టుకోండి, ఈ కథలో యంత్రం తప్పుకన్నా నా ఈ మురిపెమే ఎక్కువ నష్టం చేసింది.

తరవాత బేతమంగళ వైపు పని పడింది. అక్కడి చెరువు నీళ్ళే గొట్టాల్లో గనుల ఊరికి వచ్చేవి. మేమంతా తాగి పెరిగింది అవే. కానీ నేను చెబుతున్న నాటికి వానలు లేక చాలా ఏళ్ళుగా చెరువు ఎండిపోయి, లోపలంతా సర్కారు తుమ్మ మొలిచింది. నాతో వచ్చినవాడు ఆ వైపు విలేజ్ అకౌంటెంటు, అంటే పాతకాలపు కరణం లాంటివాడు. నాకన్నా ఒకటి రెండేళ్ళు చిన్నవాడు, పాత స్కూటరు, తలకు తువ్వాలు. ప్రతి ఊరిలో ప్రతి గట్టూ తెలిసిన మనిషి. తెలిసిందంతా చెప్పకపోవడం కూడా బాగా తెలిసిన మనిషి.

చెరువు కట్ట మీద నిలబడి ఫోను చూస్తే మా ముందంతా నీలం రంగు, అంటే నీళ్ళు. కళ్ళెత్తి చూస్తే రాగి చేలు, రెండు గడ్డివాములు, తుమ్మచెట్ల మధ్య రేకుల కప్పులు. లెక్కబెట్టాను. పదకొండు.

"ఇవేంటప్పా?" అన్నాను.

"ఏవి మేడమ్?" అన్నాడు అకౌంటెంటు, నాకన్నా శ్రద్ధగా చూస్తూ.

"ఆ ఇళ్ళు!"

ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మేడమ్, నా మాట ఇనండి. పైనోళ్ళు నీళ్ళని చెప్పినారు. నీళ్ళంటే నీళ్ళు. మనం ఈత కొట్టుకుంటా గట్టుకొచ్చేద్దాం."

నాకు కోపం వచ్చింది. మీలాంటివాళ్ళ వల్లే ఈ దేశంలో లెక్కలు ఇలా తగలడ్డాయని ఏదో అన్నాను కూడా. ఆయన నా వెనకాలే చెరువులోకి దిగాడు.

మొదటి ఇంటి ముందు ఒకావిడ ఆవుకు గడ్డి వేస్తోంది. యాభై లోపే ఉంటుంది, మనిషి ఎండి కట్టెలా ఉంది. మా మెళ్ళో కార్డులు చూడగానే చేతిలో గడ్డి కింద పెట్టేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఎవరు, ఎప్పటినుంచి ఉంటున్నారు అని అడిగితే, కాస్త బెదురుతూనే చెప్పింది.

"మా ఇంటాయన గనిలో కంట్రాక్టు కూలి మేడమ్. కంట్రాక్టోళ్ళకి క్వార్టర్సు యాడిస్తారు? లైన్లో ఒకరింటి వసారాలో బాడిగకుంటిమి. గని మూసేసినాక బాడిగిచ్చేకి లేకపాయె. చెరువు ఎండిపోయింది, రాగులు పండుతాయని మా మాదిరోళ్ళు నాలుగిండ్లోళ్ళు వచ్చి దిగితిమి. ఇప్పుడు పదకొండిండ్లు. ఆయన దమ్ము రోగంతోనే పోయినాడు."

"ఇంతకుముందు లెక్కలకు ఎవరైనా వచ్చారా?"

"ఎవురూ రాలేదు. మేమూ పిలవలేదు." గొంతు తగ్గించింది. "మేడమ్, మీకు పుణ్యముంటాది. మమ్మల్ని ఎక్కించొద్దండి. ఇన్నేండ్లూ ఎవురి కంట్లోనూ పడకుండా బతికినాము."

అకౌంటెంటు తలెత్తి ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను మాత్రం నాకు తెలిసిన ఉపన్యాసమంతా ఇచ్చాను. లెక్కలో లేని మనిషి సర్కారు దృష్టిలో లేనట్టేనని, రేపు పిల్లలకు బడి రావాలన్నా, బోరు రావాలన్నా, ముందు ఇంతమంది ఇక్కడున్నారని కాగితం మీద ఉండాలని. ఇంట్లో ఎందరున్నారో, ఏం చేస్తారో మీరు చెప్పిన వివరాలు ఇంకో మనిషికి చెప్పడం నేరమని, దానికి చట్టమే ఉందని. చెప్పినవన్నీ నిజాలే. ఒక్క అబద్ధం లేదు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు పెద్ద మనిషివి. లెక్కకే అంటివి కదా?"

"లెక్కకే అమ్మా."

"సరే, రాసుకోండి ఇంగ."

పదకొండు ఇళ్ళూ తిరిగాం. పాత అలవాటు కొద్దీ ముందు నా నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకున్నాను. ఏ ఇల్లు ఎటు, తలుపు ఎటు, ఎవరి పేరేమిటి, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, అన్నీ. తరవాత ఫోను తీసి, మొదటి ఇంటి ముందు నిలబడి, ఇంటికి చుక్క పెట్టే మీట నొక్కాను.

ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ చోటు చెల్లదు.

మళ్ళీ నొక్కాను. చెల్లదు. ఇంటి వెనకాల నిలబడి నొక్కాను. చెల్లదు. చివరికి ఫోనే నా మీద జాలిపడి, దగ్గర్లో ఉన్న పొడినేలకు చుక్కను జరపమంటారా అని అడిగింది. విసుగెత్తి సరే అన్నాను. పదకొండు ఇళ్ళనూ అలాగే జరిపింది. సాయంత్రం ఆఫీసులో పెద్ద తెర మీద చూస్తే అవన్నీ కట్ట అవతల బారులు తీరి ఉన్నాయి. కట్ట అవతల ఉన్నది శ్మశానం.

మర్నాడు బెంగుళూరుకు ఫోను చేశాను.

"మేడమ్, నీళ్ళలో ఇల్లు ఎలా ఉంటుంది?" అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

"నీళ్ళు లేవు సార్. చెరువు ఎండిపోయి చాలా ఏళ్ళయింది."

"పటంలో నీళ్ళున్నాయి కదా మేడమ్."

"పటంలో ఉన్న నీళ్ళు తాగడానికి పనికొస్తాయా సార్?"

"చెరువు హద్దు మాకు వేరే శాఖ ఇచ్చింది మేడమ్. అది మార్చడానికి మాకు అధికారం లేదు. పోనీ, ఆ ఇళ్ళను శ్మశానంలోనే ఉంచితే ఇబ్బందేమిటి? లెక్కలోకైతే వస్తాయిగా?"

"సార్, టీచరు ఫోను పట్టుకుని శ్మశానానికి వెళ్ళి ఎవరిని పలకరించాలి?"

ఇలా ఎన్ని వారాలు నడిచిందో చెప్పలేను. రాతపూర్వకంగా పంపమన్నారు, పంపాను. తహశీల్దారు సంతకంతో పంపమన్నారు. మా తహశీల్దారు వయసులో నా తమ్ముడంత ఉంటాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ ఫైలు మీదైనా సంతకం పెట్టేముందు అది కరుస్తుందేమోనన్నట్టు చూసేవాడు. "మేడమ్, పదకొండు ఇళ్ళకోసం ఇంత అవసరమా?" అన్నాడు కన్నడంలో. అవసరమే అన్నాను. సంతకం పెట్టాడు. ఫోటోలు పంపమన్నారు, పంపాను. ఫోటోల్లో ఆవు ఎక్కువగా, ఇల్లు తక్కువగా ఉందని తిప్పి పంపారు. మళ్ళీ వెళ్ళి, ఆవును పక్కకు కట్టించి తీశాను. ఆవిడే కట్టింది.

చివరికి ఒకరోజు బెంగుళూరు ఆఫీసరే ఫోను చేశాడు. "మేడమ్, మీరు గెలిచారు. చెరువు హద్దు మార్చలేం కానీ, మీకోసం పటం మీద వేరే పొర ఒకటి చేశాం. నీటి ప్రాంతంలోని కట్టడాలని దాని పేరు. ఎర్ర చుక్కలుగా కనబడతాయి."

తెరిచి చూశాను. నీలం రంగు మీద పదకొండు ఎర్ర చుక్కలు, ఒక్కొక్కటీ దాని చోట, నా నోటుబుక్కులో ఉన్నట్టే. నా సర్వీసులో అంత సంతోషపడ్డ రోజులు ఎక్కువ లేవు. ఆఫీసులో అందరికీ టీలు చెప్పాను. అకౌంటెంటు కూడా తాగాడు. కప్పు కింద పెడుతూ, "మరీ ఎర్రగా ఉండాయే మేడమ్" అన్నాడు. అంతే అన్నాడు. నేను నవ్వాను.

తరవాత కోలారులో జిల్లా మీటింగు జరిగింది. లెక్కలకు సంబంధించిన వాళ్ళే కాక అన్ని శాఖల వాళ్ళనూ పిలిచారు. పనిలో పని, కొత్త పటాలు ఎంత బాగున్నాయో అందరూ చూస్తారని. గోడంత తెర మీద జిల్లా మొత్తం వేశారు. శ్రీనివాసపురం మామిడితోటలు, కోలారు వీధులు, మా గనుల దిబ్బలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపిస్తున్నారు. బేతమంగళ చెరువు వచ్చింది.

జిల్లా పెద్ద అధికారి ముందుకు వంగాడు. "ఆ చెరువులో ఎర్ర చుక్కలేంటి?"

తహశీల్దారు నా వైపు చూశాడు. ఆయన చూపులో 'ఏదో ఒకటి చెప్పి కూర్చో' అని ఉంది. సాంకేతిక లోపం సార్, సరిచేస్తున్నాం అంటే సరిపోయేది. అలా ఎంతమంది ఎన్ని మీటింగుల్లో ఎన్నిసార్లు అనలేదు! కానీ నేను లేచి నిలబడ్డాను. చీర కొంగు సర్దుకున్నాను కూడా. అవి ఇళ్ళు సార్ అన్నాను. పటం నీళ్ళంటోంది గానీ అక్కడ పదకొండు సంసారాలున్నాయి అన్నాను. సిస్టం ఎలా తిరగ్గొట్టిందో, శ్మశానంలోకి ఎలా జరిపిందో, నేను ఎలా వెంటపడి సాధించానో అన్నీ చెప్పాను. శ్మశానం మాట వచ్చినప్పుడు అందరూ నవ్వారు. పెద్ద అధికారి, "పనంటే ఇలా చేయాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో ఒకాయన చప్పట్లు కొట్టలేదు. డైరీ తీసి ఏదో రాసుకుంటున్నాడు. నా పద్ధతి నచ్చి రాసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. చెరువులు చూసుకునే శాఖ మనిషని తరవాత తెలిసింది.

పది రోజులు కూడా కాలేదు. అకౌంటెంటు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అనుంటే బాగుండేది. "నోటీసులు పోయినాయి మేడమ్. చెరువు ఆక్రమణ అని. నెల రోజుల్లో ఖాళీ చేయాలంట. మన పటం తీసి అతికించినారు కాగితం ఎనక. ఎర్ర చుక్కలతో సహా."

వెంటనే స్కూటరెక్కి వెళ్ళాం.

ఆవిడ గడప మీద కూర్చుని ఉంది. చుట్టూ మిగతా ఇళ్ళవాళ్ళు. నన్ను చూసి ఎవరూ తిట్టలేదు. ఆవిడ నోటీసు తీసి నా చేతికిచ్చి, వేలితో ఒక చుక్కను చూపించింది.

"ఇది మా ఇల్లేనా మేడమ్?"

"అవునమ్మా."

"బాగా కుదిరినాది. ఆవుని పక్కకి కట్టమన్నావే, దీనికేనా?"

నేను చట్టం గురించి చెప్పబోయాను. మీ పేర్లు, మీ వివరాలు ఎవరికీ ఇవ్వలేదని, పటం మాత్రమే వెళ్ళిందని. సగంలో ఆపేశాను. ఇల్లు ఎక్కడుందో తెలిశాక ఇంట్లోవాళ్ళ పేర్లతో ఎవరికి పని?

"లెక్కకే అంటివి కదమ్మా," అంది. అరవలేదు. నిలదీయలేదు. నేను మరిచిపోయానేమో, గుర్తుచేస్తున్నట్టు అంది.

అప్పుడు నాకు రికార్డు గదిలో చెదలు తిన్న నా చేతిపటాలు గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని గుడిసెలకు ఎన్ని త్రికోణాలు వేశానో! ఎవరి పోరంబోకులోవో, ఎవరి కాలువ గట్టుమీదవో. ఏ ఒక్కటీ నావల్ల కూలలేదు. ఎందుకంటే వాటిని ఎవరూ గోడమీద వేసి చూడలేదు. నేను మారలేదు. చేసిన పని మారలేదు. పటం మాత్రం మారిపోయింది. అది తెలుసుకోకుండానే దాని ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాను.

బెంగుళూరుకు ఫోను చేసి ఆ పొర తీసేయమన్నాను.

"మేడమ్, మీరే కదా పెట్టమన్నది?"

"ఇప్పుడు తీసేయమంటున్నాను సార్."

"హద్దులు ఫ్రీజ్ అయిపోయాయి మేడమ్. ఇక లెక్కలు ముగిసేదాకా ఒక్క చుక్క కూడా కదలదు." పాపం, నా మేలు కోరే, "భయపడకండి, మీ పదకొండు ఇళ్ళూ భద్రంగా ఉన్నాయి" అన్నాడు.

ఆ తరవాత కొన్ని వారాలకే కరోనా వచ్చింది. లెక్కలు వాయిదా పడ్డాయి. ఎవరికోసం ఇంత రభస చేశామో ఆ టీచరు అసలు ఆ చెరువులోకి దిగనే లేదు. నోటీసు మాత్రం రద్దు కాలేదు. ఆగింది, అంతే. ఆ గందరగోళంలో నాలుగు ఇళ్ళవాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. ఒక కుటుంబం చింతామణి వైపు వెళ్ళిందని ఒకరు, హొసూరు అని ఒకరు. నిజమేమిటో నాకు తెలియదు.

అన్నీ మళ్ళీ తెరిచాక మిగిలిన ఏడు ఇళ్ళవాళ్ళచేత ఇంటిస్థలాలకు అర్జీ పెట్టించాను. అంతకుమించి చేయగలిగింది నాకు తోచలేదు. అర్జీ తహశీల్దారు బల్ల మీదకు వచ్చింది. అక్కడ ఇన్నేళ్ళుగా నివాసమున్నట్టు రుజువు కావాలన్నాడు. ఓటరు కార్డులన్నీ గనుల లైన్లోని పాత ఇంటి నంబర్లతో ఉన్నాయి. కరెంటు లేదు గనక బిల్లు లేదు.

"సార్, పటం ఉంది కదా. తేదీతో, ఫోటోతో సహా," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "జనాభా లెక్కల కాగితాలు సాక్ష్యంగా చెల్లవు మేడమ్. చట్టం మీకు తెలియనిదా?"

"ఖాళీ చేయించడానికి చెల్లిందే?"

"అది సాక్ష్యం కాదు మేడమ్, సమాచారం. పైగా అది వేరే శాఖ."

ముప్పై ఏళ్ళకు పైబడిన నా ఉద్యోగంలో కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ రోజు కోపం కూడా రాలేదు. కోపానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. తహశీల్దారు చట్టం ప్రకారం మాట్లాడాడు. చెరువు శాఖ మనిషి తన చెరువును కాపాడుకున్నాడు. బెంగుళూరు ఆయన నేను అడిగిందే చేశాడు. అందరూ కరెక్టే. తప్పుచేసిన మనిషికోసం వెతుక్కుంటూ పోతే, చీర కొంగు సర్దుకుని మీటింగులో లేచి నిలబడ్డ ఒకావిడే నాకు కనబడింది.

ఇంటికి వెళ్ళి నోటుబుక్కు తీశాను. అది సర్కారుది కాదు, నా సొంతం. లెక్కల కాగితం కాదు, ఏ చట్టమూ దాని జోలికి రాదు. ఫలానా రోజున నేను ఈ చోటికి వెళ్ళి, ఈ ఏడు కుటుంబాలనూ నా కళ్ళతో చూశానని, ఇన్నేళ్ళుగా ఉంటున్నామని వాళ్ళు చెప్పగా విన్నానని ఒక కాగితం మీద రాసి, పెన్సిలు పటం నకలు జతచేసి, నా పేరు, హోదా వేసి సంతకం పెట్టాను. అలా రాయకూడదని తెలుసు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నాను. అందుకే రాయగలిగానేమో, గొప్పగా చెప్పుకోను.

కాగితం ఇవ్వడానికి వెళుతుంటే అకౌంటెంటు వరండాలో ఎదురయ్యాడు. తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. జేబులోంచి పెన్ను తీసి నా సంతకం కింద తనదీ పెట్టాడు.

"నీకెందుకప్పా ఇది? నువ్వు ముందే వద్దన్నావు కదా?" అన్నాను.

"దిగొద్దన్నాను మేడమ్. దిగినాక గట్టుకు చేరాల కదా," అన్నాడు.

ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఏ హోదాలో రాశారో వివరించండి అని. వివరించాం. ఆ వివరణకు వివరణ అడిగారు. నా పింఛను కాగితాలు ఆరునెలలు అటూ ఇటూ తిరిగాయి. ఆ అర్జీ మాత్రం, ఎవరు చూశారో ఏమనుకున్నారో తెలియదు గానీ, ఏడాది తిరిగేసరికి పాసయింది. ఏడు స్థలాలు. రోడ్డుకు రెండు మైళ్ళ దూరాన, మేకలు కూడా ఎక్కడానికి ఆలోచించే రాళ్ళ గుట్ట ఏటవాలు. అయినా పట్టాలు చేతికిచ్చారు. ఏడు ఇళ్ళవాళ్ళూ రేకులు ఊడదీసుకుని అక్కడికి మారిపోయారు.

ఆ ఏటి చివర వానలు పడ్డాయి. ఎన్నడూ లేనట్టు పడ్డాయి. చెరువు నిండి, మిగులు నీళ్ళు మరవ మీదుగా పొర్లి పారాయి. జనం బస్సులు దిగి చూసిపోయారు. ఆ ఇళ్ళు ఉన్నచోట మునుగు లోతు నీళ్ళు. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న నాకు బెంగుళూరు ఆఫీసరు ఫోను చేశాడు. పేపర్లో ఫోటో చూశాడట.

"మేడమ్, గుర్తున్నానా? చూశారా, ఇప్పుడు మా పటం కరెక్టే కదా!" అని హాయిగా నవ్వాడు. ఆయన నవ్వులో ఏ కల్మషమూ లేదు. కరెక్టే సార్ అన్నాను.

మీరు అడగవచ్చు, ఆ నోటీసు వెళ్ళబట్టే కదా వాళ్ళు నీళ్ళపాలు కాకుండా బతికారు, మీరు చేసింది మంచే కదా అని. మా ఇంట్లోవాళ్ళు కూడా ఇలాగే ఓదార్చారు. చెరువులో కాపురమున్నవాళ్ళకు నీళ్ళొస్తే లేచి గట్టెక్కడం తెలుసు. చిన్న వానలకు ఎన్నిసార్లు అలా ఎక్కి దిగారో నా నోటుబుక్కులోనే ఉంది. ఎటో వెళ్ళిపోయిన నాలుగు కుటుంబాలు కూడా ఆ ఓదార్పుకు ఒప్పుకుంటే అప్పుడు నేనూ ఒప్పుకుంటాను.

పటాలు వద్దనడంలేదు. లెక్కించకండి అనడంలేదు. ఆ రేకుల కప్పు కింద పన్నెండు తలుపులకోసం ఇప్పటికైనా మళ్ళీ అంతే గొడవ చేస్తాను. కానీ మీరు ఒక ఇంటిమీద చుక్క పెట్టేముందు, ఆ చుక్కను ఇంకా ఎవరు చూస్తారని మీ పైవాళ్ళను అడగండి. మీటింగులో అడగండి, రాతపూర్వకంగా అడగండి. విసుక్కుంటారు. నాకు పెట్టినట్టే మీకూ ఏదో పేరు పెడతారు. పెట్టనివ్వండి. 'ఎవరూ చూడరు' అని మీకు గట్టిగా తెలిసేదాకా మాత్రం, ఆ ఇంటివాళ్ళకు ఆ మాట ఇవ్వకండి.

కిందటి నెల ఆ గుట్ట మీదకు వెళ్ళాను. అకౌంటెంటే తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఆయనా రిటైరయ్యాడు, స్కూటరు మాత్రం ఇంకా కాలేదు. ఆవిడ రెండు గదులు కట్టుకుంది. ఇంకో ఆవు వచ్చింది. రాగి సంకటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. తినకపోతే ఒప్పుకోలేదు. కోపమైతే పోయినట్టే ఉంది, లేదా పక్కన పెట్టిందేమో. నేను అడగలేదు.

మళ్ళీ లెక్కలు మొదలవుతున్నాయట, ఊళ్ళో చెప్పుకుంటున్నారు అంది. అవునన్నాను. ఈసారి కూడా ఫోన్లు పట్టుకునే వస్తారన్నాను. వాళ్ళకు వివరాలు చెప్పమనీ నేను అనలేదు, చెప్పవద్దనీ అనలేదు. ఆవిడకు సలహా ఇచ్చే హక్కు నాకుందని అనుకోలేదు.

ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ తన గడపను ఒకసారి చూసుకుంది.

"వస్తే రానీ మేడమ్. ఇంట్లో ఎంతమందిమో చెప్తాను. పేర్లు చెప్తాను, వయసులు చెప్తాను, ఆవులెన్నో చెప్తాను," అంది. "ఇల్లు యాడుండాదో మాత్రం చెప్పను."